కాడికి రెండో పక్క

మా పాలెంలో ఏ ఇంటికీ రెండెద్దులు ఉండేవి కావు. ఇంటికొకటే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇది నాకు వింతగా తోచింది. మా పుట్టిల్లు కర్నూలు పట్నం, మా నాయన మిషను బడిలో పంతులు. ఎద్దును బండికి కట్టగా చూడ్డమే తప్ప దానికి జోడు ఎక్కడినుంచి వస్తుందో ఆలోచించే అవసరం మాకెప్పుడూ పడలేదు. కోడుమూరు పక్కన ఈ పాలెంలో అడుగుపెట్టాక తెలిసింది, ఒంటెద్దు ఇల్లంటే సగం సేద్యం ఉన్న ఇల్లని. మిగతా సగం ఎప్పుడూ పక్కవాడి కొట్టంలో మేత మేస్తూ ఉంటుంది.

గుప్పెడు ఇళ్లు మావి. తాతల నాటినుంచి గుడికి పోయి ప్రార్థన చేసుకునే కిరస్తానం కుటుంబాలు కొన్ని, వాటిని ఆనుకుని సాయిబుల ఇళ్లు కొన్ని. దేవుడి దగ్గరికి ఎవరి దారిన వాళ్లు పోయినా, వాన దగ్గరికి వచ్చేసరికి అందరం ఒకే ఆకాశం వైపు చూసేవాళ్లం. కార్తెల లెక్క మాత్రం ఎవరూ వదల్లేదు. మృగశిర దాటితే మా అత్త ప్రార్థనలో గొంతు మారిపోయేది, ఆరుద్ర కూడా సగమైతే ఆ ప్రార్థన దాదాపు పోట్లాటలాగా వినిపించేది.

మా అత్త గురించే నేను చెప్పదలచుకున్నది. ఆ తర్వాత కాలంలో నేను కర్నూలులో సభలు చూశాను, సంఘాలు చూశాను, అధ్యక్షుడి కుర్చీలో ఎవరు కూర్చోవాలని గంటలకొద్దీ వాదించుకుని కాఫీ తాగి లేచిపోయిన పెద్దమనుషుల్ని చూశాను. పదిమందిని ఒక పనికి కూర్చడమంటే ఏమిటో వాళ్లలో చాలామందికి తెలియదని నేను ధైర్యంగా చెప్పగలను. ఎందుకంటే తెలిసిన మనిషి ఇంట్లో నేను కోడలిగా ఉన్నాను. ఆమె నోరు మంచిది కాదు, చెయ్యి మాత్రం చాలా మంచిది.

ఈ సంగతి అర్థం కావాలంటే మా వైపు విత్తడం ఎలా ఉంటుందో రెండు మాటల్లో చెప్పాలి. మాకు వానలు వరసగా పడవు. ఒక్క మంచి వాన పడితే, ఆ తడి నేలలో నిలిచిన కొద్ది రోజుల్లోనే విత్తనం పడిపోవాలి. ఆ తడినే పదును అంటాం. పదును ఆరాక వేసిన కొర్రలు చీమల పాలు, ఇక ఆ ఏడు ఆ ఇంట్లో సంగటి కుండ బోర్లించినట్టే. విత్తేది గొర్రుతో. గొర్రంటే ఒకేసారి మూడు నాలుగు సాళ్లు గీసే కొయ్య పనిముట్టు. దాని మీద జడ్డిగం అనే చెక్కగిన్నె ఉంటుంది. ఒకరు వెంట నడుస్తూ ఆ గిన్నెలోకి పిడికిట్లోంచి విత్తనం వదులుతూ పోతే, గొట్టాల్లోంచి జారి సాళ్లలో పడుతుంది. వెనకాలే ఇంకో జత ఎద్దులు గుంటకను లాగుతూ వచ్చి మన్ను కప్పుతాయి. ఎద్దుల నడక, తోలేవాడి అదుపు, విత్తే చెయ్యి మూడూ కలవాలి. ఏ ఒక్కటి తప్పినా మొలక వచ్చాక చేను ఊరందరికీ చెప్పేస్తుంది.

మా మామ బతికున్నన్నాళ్లూ ఈ పనికి ఎద్దుల్ని చుట్టరికాన్ని బట్టి జతకట్టేవాళ్లట. అన్న ఎద్దు పక్కన తమ్ముడి ఎద్దు. మా ఎద్దు నిదానంది, మా చినమామ ఎద్దు దుడుకుది. చినమామ అంటే మా మామకు తమ్ముడు. అన్నదమ్ముల ప్రేమ ఎంతున్నా, కాడి కింద ఆ రెండెద్దులకూ ఒక్క పూట కూడా పడేది కాదు. సాళ్లు పాము పోయినట్టు పోయేవి. మొలక వచ్చాక పక్క ఊరివాళ్లు గట్టు మీద నిలబడి నవ్వుకునేవాళ్లు.

నేను పెళ్లయి వచ్చిన ఏడు మామ లేడు. వేసవి పొడుగునా మా అత్త సాయంత్రం పూట వాకిట్లో కూర్చుని నీళ్ల తావునుంచి తిరిగొచ్చే ఎద్దుల్ని చూసేది. ఏ పనున్నా లేచేది కాదు. పట్నం పిల్లను, నాకు ఒళ్లు మండేది. ఒకరోజు అడిగేశాను.

"ఏం చూస్తున్నావత్తా రోజూ?"

"కాళ్లు చూస్తాండా మే. ఏ ఎద్దు కాలు ఏ ఎద్దు కాలితో కలుస్తాదో చూస్తాండా."

చివరికి ఆమె తేల్చింది ఏమంటే, పాలెం మొత్తంలో నడక అచ్చంగా కలిసిన ఎద్దులు రెండు. ఒకటి మా చినమామది, రెండోది పక్కింటి సాయిబు మామది. గొర్రుకు ఆ రెండే కట్టాలంది. ఆ మాట విన్నవాళ్లు ముందు నోరెళ్లబెట్టారు, తర్వాత కడుపుబ్బ నవ్వారు. ఎందుకంటే ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఎప్పుడో సాయిబు మామ మేక చినమామ కంది చేలో పడి ఓ మూల నున్నగా మేసేసిందట. ఆ మేక ఏనాడో పండక్కి పోయింది గానీ కోపం మాత్రం ఇద్దరి ఇళ్లలోనూ చల్లారకుండా ఉంది.

"వాళ్లిద్దరూ మాట్లాడుకోరు గదా," అన్నారు జనం.

"మాట్లాడుకోమని నేను చెప్తాండానా? ఎద్దులు కలిసినాయి, సాలు బాగొస్తాది. మనుషుల సంగతి నాకెందుకు?" అంది మా అత్త.

ఆ ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎద్దు మంచిదని ఎవరు పొగిడినా కాదనే రైతు పుట్టలేదు మరి. వేసవి దుక్కుల్లో వాళ్ల ముచ్చట చూడాలి. ఒకరితో ఒకరు మాట్లాడరు, ఎద్దుతో మాట్లాడతారు. "ఏమిరా, నీ యజమానికి చెప్పు, కాడి నీ పక్కకు ఒరుగుతాంది," అని చినమామ సాయిబు మామ ఎద్దుకు చెప్పేవాడు. సాయిబు మామ చినమామ ఎద్దు వీపు నిమురుతూ, "చూసినాంలే అని చెప్పు నాయనా," అనేవాడు. ఎద్దులు మధ్యలో చెవులాడిస్తూ ఇద్దరి మాటా వినేవి. సాళ్లు మాత్రం తాడు లాగి గీసినట్టు వచ్చేవి.

ఇంతవరకూ నవ్వులాటే. అసలు చిక్కు వరస దగ్గర వచ్చింది. ఒక్క వాన పదునులో అందరి చేలూ విత్తాలి. ఎవరి చేను ముందు? మామ ఉన్నప్పుడు పెద్దరికం వరస. వయసులో పెద్ద మగవాడి చేను మొదలు, తర్వాత రెండోవాడు, అలా పోయేది. మామ పోయాడు కాబట్టి ఈ ఏడు మొదటి చేను తనదేనని చినమామ అనుకున్నాడు. అందరూ అలాగే అనుకున్నారు.

ఒక ఆదివారం గుడి అయ్యాక అరుగు మీద అందరూ కూర్చున్నారు. సాయిబుల ఇళ్లవాళ్లు కూడా వచ్చి కింద రాళ్ల మీద కూర్చున్నారు. మా అత్త లేచి నిలబడింది.

"వరస చెప్తాండా, వినండి. ముందు గరుసు, తర్వాత ఎర్రనేల, ఆఖర్న రేగడి."

గరుసు రాళ్లమన్ను, వాన పడిన మర్నాటినుంచే ఆరడం మొదలవుతుంది. ఎర్రనేల ఇంకొంచెం ఓర్చుకుంటుంది. నల్లరేగడిలో అయితే వెంటనే గొర్రు దిగను కూడా దిగదు, కాలికి బంకమన్ను చుట్టుకుంటుంది. తడి మాత్రం అన్నిటికన్నా ఎక్కువ నాళ్లు దాచుకుంటుంది. ఇది అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతే. కానీ దాన్ని వరసగా పెట్టాలని అంతకుముందు ఎవరూ అనలేదు.

"గరుసంటే నీ చేనే గద వదినా?" అన్నాడు చినమామ.

"నాది ఉండాది, ఇంకా రెండిళ్లవి ఉండాయి. నాది గుట్ట వాలున ఉండాది గాబట్టి ముందు ఆరిపోయేది అదే. అందుకే మొదులు నాది."

"అవునవును. పెత్తనం చేతికొస్తే ఎవురికైనా వాళ్ల చేనే ముందు ఆరిపోతాది."

అందరూ గొల్లున నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా అత్త మాత్రం కొంగు బిగించుకుని ఆ నవ్వు అయిపోయేదాకా నిలబడింది. నవ్వు అయ్యాక, "ఇంకేమన్నా ఉండాదా?" అని అడిగింది.

అప్పుడు సాయిబు మామ మెల్లగా అన్నాడు, "అక్కా, నాది రేగడి. ఆఖరంటావు, సరే. నేల మాట నేను కాదన్ను. అందరి పనీ అయినాక నా చేనికి ఎద్దులెవురు తెస్తారు? ఏరు దాటినాక బోడి మల్లయ్య అంటారు గదా."

ఇది మంచి ప్రశ్న. పదిమంది కలిసి చేసే ఏ పనైనా చెడేది ఈ మలుపులోనే. తన వంతు అయిపోయినవాడికి హఠాత్తుగా నడుము నొప్పి వస్తుంది, ఎద్దుకు కాలు బెణుకుతుంది, చుట్టాలు దిగుతారు. మా అత్త క్షణం కూడా తడుముకోలేదు.

"వాన పడిన పొద్దు నుంచి ఎద్దులన్నీ నీ కొట్టంలోనే కట్టేస్తారు. ఎవురి మేత వాళ్లు తెస్తారు. నీ చేను అయ్యేదాకా ఏ ఎద్దూ ఇంటికి పోదు. నా ఎద్దుతో సహా."

సాయిబు మామ తల ఊపాడు. ఆఖరి మనిషి చేతిలో అందరి ఎద్దుల పలుపులూ పెట్టేసిందన్నమాట మా అత్త. ఇంతకన్నా గట్టి ఒప్పందం నేను తర్వాత ఏ కాగితం మీదా చూడలేదు.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేకపోయాను. "అత్తా, మన చేను ఆఖర్న పెట్టుకుని ఉంటే ఎంత మర్యాదగా ఉండేది! అందరూ మెచ్చుకునేవాళ్లు."

ఆమె సంగటి కెలుకుతూ నావైపు తిరక్కుండానే చెప్పింది. "మెప్పు మొలకెత్తదు మే. నేను మొగమాటానికి నా గరుసు ఆఖర్న పెడితే, రేపు ఇంకొకడు పెద్దరికానికి తన రేగడి ముందు పెట్టమంటాడు. అప్పుడది నేల వరస కాదు, మనుషుల వరస అయితాది. మనుషుల వరసకు అంతు యాడుండాది?"

నాకప్పటికి ఆ మాట సగమే ఎక్కింది. నాయకులైనవాళ్లు త్యాగం చేయాలని మా నాయన బళ్లో చెప్పేవాడు. ఈమె త్యాగం చెయ్యనంటోంది, పైగా అందరి ముందూ తిట్లు తింటోంది. నియమం తనకు లాభమైనప్పుడు కూడా దాన్ని దాచకుండా నిలబెట్టడానికి, నష్టమైనప్పుడు నిలబెట్టడం కంటే ఎక్కువ గుండె కావాలని నాకు తెలిసింది తర్వాత.

ఆరుద్రలో వాన పడింది. మంచి వాన, ఒకే ఊపులో పడి ఆగిపోయింది. పొద్దున్నే ఎద్దులన్నీ సాయిబు మామ కొట్టంలోంచి బయలుదేరి మా గుట్ట వాలుకు వచ్చాయి. మా అత్త చేతులు జోడించి, "ప్రభువా, వాన నువ్విచ్చినావు, వరస నేను పెట్టినా. తప్పుంటే నన్నడుగు, చేన్ని అడగబాక," అంది. సాయిబు మామ బిస్మిల్లా అని గొర్రు ఎత్తాడు. మా అత్త జడ్డిగం దగ్గర నడిచింది. మా ఆయన వెనక గుంటక తోలాడు. నేను ఆమె వెంట విత్తనాల గంప మోశాను. మా చేను అయిపోయింది, రెండో గరుసు చేను మొదలైంది.

మర్నాడు పడమటి గాలి తిరిగింది. ఆ గాలి తగిలితే నేలలో తడి కళ్లముందే ఎగిరిపోతుంది. చినమామ గొర్రు తోలుతూనే మాటిమాటికీ దూరంగా ఉన్న తన ఎర్రనేల వైపు చూస్తున్నాడు. ఉన్నట్టుండి సాలు మధ్యలో ఆగిపోయాడు. కాడి కిందినుంచి తన ఎద్దును విప్పేశాడు.

"ఎవురి సేద్యం వాళ్లది. ఒంటెద్దు పోకడ అనుకుంటే అనుకోండి. మా అత్తగారి ఊర్లో జోడు దొరకదా నాకు?" అని ఎద్దును తోలుకుని పోయాడు.

ఎవరో ఆపబోతే మా అత్త వద్దని సైగ చేసింది. మా నిదానం ఎద్దును తెచ్చి సాయిబు మామ ఎద్దు పక్కన కట్టింది. సాళ్లు వంకర్లు పోయాయి, అయినా గరుసు చేలన్నీ ముగిశాయి. చినమామకు అత్తగారి ఊళ్లో జోడు దొరకలేదని ఆలోపే కబురు తెలిసింది. పదునులో ఎద్దును అప్పిచ్చే వెర్రివాడు ఏ ఊళ్లోనూ ఉండడు.

ఇక ఎర్రనేలల వంతు. వాటిలో మొదటిది చినమామదే, అది మెరక మీద ఉంది కాబట్టి. దాన్ని వదిలేసి రెండోదానికి పోదామన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. పోయినవాడి చేను మనకెందుకు?

"వరసలో ఆయనది ఉండాది," అంది మా అత్త. గొర్రు చినమామ చేనికే తోలించింది. గట్టు మీదికి చేరాక ఇంకో వింత చేసింది. కాడి కిందినుంచి మా ఎద్దును తనే విప్పేసింది. సాయిబు మామ ఎద్దు ఒక్కటే నిలబడింది, కాడికి రెండో పక్క ఖాళీ.

"ఇదేం పని? మన ఎద్దు ఉంది గదా!" అన్నాను, నోరాగక.

"ఈడ వేరే ఎద్దు కనపడిందంటే నా జాగా పోయిందిలే అనుకుంటాడు. ఇంక రాడు. ఖాళీగా ఉంటే, అది తనదేనని తెలుస్తాది."

చినమామ ఇల్లు పాలెం అంచున, ఆ చేనికి ఎదురుగానే. వాకిట్లో కూర్చుంటే గొర్రు, కాడి, ఖాళీ పక్క అన్నీ కనిపిస్తాయి. ఆయన కూర్చునే ఉన్నాడు. మాకూ ఆయన కనిపిస్తున్నాడు. గాలి వీస్తూనే ఉంది. నేను వంగి మన్ను చేతిలోకి తీసుకుని చూశాను. పైన పొర పొడిగా రాలుతోంది, కింద ఇంకా చల్లగా ఉంది. ఈ మనిషి మొండితనానికి అందరి చేలూ ఎండిపోతాయేమోనని నాకు కోపమూ భయమూ రెండూ వచ్చాయి. ఆ కోపం నా ఒక్కదానిదే కాదు. వరసలో ఆ తర్వాతి ఎర్రనేల ఉన్న ఒకాయన పైకే అన్నాడు, "మీ మరిది కోసం మా పదును ఆరబెడతావా?"

"నువ్వడిగేది న్యాయమే అప్పా," అంది మా అత్త. "అందరూ కూర్చోండి, బువ్వ తిందాం. ఎట్లా తినాల్సిందే గదా. తిని చేతులు కడుక్కునేలోపల వచ్చినాడా, సరి. రాలేదంటే నీ చేనికి పోదాం. ఆయనది వెనక వేస్తాం. వేయకుండా మాత్రం ఉండం."

గట్టు మీద సంగటి ముద్దలు, ఊరిబిండి పచ్చడి పంచాను. సాయిబు మామ తన ముద్ద తింటూ కాడి దగ్గరే నిలబడ్డాడు, ఎద్దు మెడ మీద చెయ్యి వేసి. మా అత్త మాత్రం ఏ తొందరా లేనట్టు నెమ్మదిగా నమిలింది. ఆమె అంత నెమ్మదిగా తినడం నేనెప్పుడూ చూడలేదు, మామూలుగా అయితే నిలబడే మింగేస్తుంది. చెయ్యి కడుక్కోవడానికి చెంబు అందుకుంది. నేను నీళ్లు పోయబోయాను. "ఆగు," అంది.

చినమామ వస్తున్నాడు. ఎద్దు ముందు, ఆయన వెనక. తల దించుకునీ లేడు, ఎత్తుకునీ లేడు. మా ముందునుంచి నడిచి కాడి దగ్గరికి పోయి, ఎద్దు వీపు మీద తట్టి, "పో. నీ జోడు కాచుకోనుండాది," అన్నాడు.

సాయిబు మామ కాడి ఎత్తి పట్టుకున్నాడు. "కొంచెం తల వంచించప్పా," అన్నాడు. ఎద్దుతో కాదు, చినమామతోనే.

"వంచినాలే. నువ్వు దించు," అన్నాడు చినమామ.

మేక మేసిన నాటినుంచి వాళ్లిద్దరి మధ్యా నేరుగా నడిచిన మొదటి మాట అదేనని అక్కడున్నవాళ్లందరికీ తెలుసు. ఎవరూ నవ్వలేదు. మా అత్త చెయ్యి కడుక్కుని జడ్డిగం పట్టుకుంది. ఆమె ఏదో ఒక మాట అంటుందని నేను ఎదురుచూశాను. నేనైతే ఆ రోజు ఆయన్ని కడిగి ఆరేసేదాన్ని, అందులో సందేహం లేదు. ఆమె "హే" అని ఎద్దుల్ని అదిలించింది, అంతే. ఇంటికొచ్చాక కూడా అడిగాను, ఒక్క మాటన్నా అనకపోతే ఎలా అని.

"ఎద్దు వచ్చింది గదా మే. ఇంకేం మాటలు?"

సాయిబు మామ రేగడి ముగిశాకే ఎద్దులు ఎవరిళ్లకు వాళ్లవి పోయాయి. ఆ తర్వాత చాలా రోజులు చినుకు లేదు. మా గుట్ట వాలున కొర్ర మొలక పచ్చగా లేచింది. ఒక్క రెండు రోజులు ఆలస్యమై ఉంటే అది లేచేది కాదని చూసిన ప్రతివాడూ ఒప్పుకున్నాడు. చినమామ చేనూ లేచింది, గాలి తిన్న ఒక అంచున తప్ప. ఆ బోడి అంచు ఆయన వాకిట్లోంచి రోజూ కనిపించేది. ఆయన దాని గురించి ఎవరితోనూ అనలేదు, మేమూ ఎత్తలేదు. అందరికన్నా బలంగా పండింది మాత్రం ఆఖరున విత్తిన సాయిబు మామ చేను.

తర్వాతి ఏళ్లలో వరస గురించి ఎవరూ అడగలేదు. వాన పడితే ఎద్దులు సాయిబు మామ కొట్టానికి పోయేవి, పొద్దున గరుసుకు వచ్చేవి. మా అత్త చేతులు వణకడం మొదలయ్యాక జడ్డిగం నాకిచ్చింది. విత్తనం వేళ్ల సందుల్లోంచి జారాలి గానీ పిడికిలి విసరకూడదని, ఎద్దు కాలిని చెవితో వినాలని, వెనక నేలను చూడకూడదని నేర్పింది. నేర్పేటప్పుడు తిట్టింది, బాగా తిట్టింది. పట్నం చేతులంది, పలక పట్టుకునే వేళ్లంది. మొలక వచ్చాక చేను చుట్టూ తిరిగి, "పరవాలేదు," అంది. ఆ ఒక్క మాటకు నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. బళ్లో బహుమానం పుచ్చుకున్న రోజు కూడా అంత సంతోషం లేదు.

ఒక ఏడు కంది కోతలయ్యాక ఆమె పోయింది. గుడి వెనక దొడ్లో పెట్టాం. సాయిబు మామ, చినమామ ఒకే పార మార్చుకుంటూ మన్ను వేశారు. ఆ ఏటినుంచి వరస చెప్పే పని నాకు వచ్చింది. నేను కోరుకోలేదు, అలాగని భయపడనూ లేదు. చెప్పాల్సింది నేలే చెబుతుంది, పైకి అనే గొంతు మాత్రం నాది. ఎద్దుల కాళ్లు చూడడం కూడా అలవాటు చేసుకున్నాను. వాకిట్లో కూర్చుని అలా చూస్తుంటే మా ఇంటికి వచ్చినవాళ్లకు ఒళ్లు మండేది, ఒకప్పుడు నాకు మండినట్టే.

కొన్నేళ్లకు పెద్ద కరువు వచ్చింది. పైరు పోయింది, ఆ వేసవిలో మేత కూడా పోయింది. ఇంటి మీది బోదకప్పు పీకి వేసినా, బ్రహ్మజెముడు ముళ్లు కాల్చి వేసినా మా ఎద్దు నిలవలేదు. అది పడిపోయిన రోజు నేను ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాను. ఇంటికున్న సగం సేద్యం పోయింది. నా దగ్గర మిగిలినవి విత్తనాల కొర్రలే. పస్తులున్నా వాటిని తాకలేదు. ఈ ఏడు కూడా చేను బీడు పడితే పాలెం వదిలి కర్నూలులో మా అన్న పంచన చేరాల్సిందే. అన్న మంచివాడే. కానీ ఆ పంచ చేరడం నాకు ఇష్టం లేదు.

చుట్టూ ఉన్నవాళ్ల ఎద్దులు కూడా బక్కచిక్కి, ఎముకల మీద తోలు కప్పినట్టున్నాయి. ఒక్కొక్క ఎద్దుకు తన చేను విత్తడమే గగనం. ఎద్దు లేనిదాన్ని, అందరి ముందూ నిలబడి నా చేను మొదలు వేయమని ఏ మొహంతో చెప్పను? మా ఆయనతో గట్టిగా అన్నాను, ఎవర్నీ అడగబోకు అని. ఆయన ఊ అన్నాడు, అంతే. ఆయన ఊకు ఏ అర్థమైనా చెప్పుకోవచ్చు.

వాన పడింది. పొద్దున లేచేసరికి మా ఆయన ఇంట్లో లేడు. నేను మొహం కడుక్కుని, మనసులో వరస సర్దుకుంటూ సాయిబు మామ ఇంటికి బయలుదేరాను. రెండో గరుసు చేను మొదలు పెట్టమని చెబుదామనుకున్నాను. మాది ఎత్తకూడదనుకున్నాను.

కొట్టం ఖాళీగా ఉంది. ఒక్క ఎద్దూ లేదు. వరస విరిగిపోయింది, ఎవరి ఎద్దును వాళ్లు తోలుకుపోయారు అనుకున్నాను. కరువు మనుషుల్ని అలా చేస్తుంది, తప్పు పట్టలేం. అయినా మా అత్త కట్టింది నా చేతిలో కూలిపోయిందన్న బాధ చెప్పలేనంత కలిగింది. సాయిబు మామ భార్య వాకిలి ఊడుస్తోంది.

"ఎద్దులేవత్తా?" అన్నాను.

"ఎప్పుడో పాయె గదమ్మా."

"యాడికి?"

ఆమె చీపురు ఆపి నన్ను వింతగా చూసింది. "యాడికేంది? వాన పడితే యాడికి పోతారు? గరుసుకు పాయె."

ఏ గరుసుకో అడక్కుండానే పాలెం దాటి గుట్ట దారి పట్టాను. మలుపు తిరగ్గానే కనిపించింది. గొర్రు మా చేలో ఉంది. కాడికి రెండు పక్కలా ఎద్దులున్నాయి, ఒకటి చినమామది, ఒకటి సాయిబు మామది. వెనక గుంటక దగ్గర మా ఆయన నావైపు చూడకుండా నేల వైపు చూస్తున్నాడు. అందరూ ఉన్నారు. జడ్డిగం దగ్గర మాత్రం ఎవరూ నిలబడలేదు. ఆ జాగా ఖాళీగా వదిలి కాచుకుని ఉన్నారు.

నేను గట్టు మీదే ఆగిపోయాను. "ఈడ మొదలు పెట్టమని ఎవరు చెప్పినారు మీకు? నాకు ఎద్దు లేదు గదా చినమామా!" అన్నాను. అంత కోపంగా ఎందుకన్నానో నాకే తెలియదు.

చినమామ ముసలివాడైపోయాడు అప్పటికి. గొర్రు మీద చెయ్యి ఆన్చుకుని, "నీ ఎద్దు సచ్చిపోతే గరుసు రేగడైతాదా కోడలా?" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. అందరి ముందూ, పగటి పూట, గట్టు మీద నిలబడి భోరున ఏడ్చాను. ఎవరూ దగ్గరికి రాలేదు, ఎవరూ ఓదార్చలేదు. చినమామ వంగి ఎద్దు చెవిలో, నాకు వినపడేంత గట్టిగా అన్నాడు.

"ఈమెకు చెప్పు నాయనా. ఏడిస్తే పదును పెరగదు, ఇంటికి పోయి ఇత్తనం తెమ్మని చెప్పు."

నేను కొంగుతో మొహం తుడుచుకుని, విత్తనాల కోసం ఇంటికి పరుగెత్తాను.